గొయ్యి పూడ్చనివ్వను

ఫిబ్రవరి 3

ఇవాళ్టి నుంచి మా అమ్మాయితో మాట్లాడను.

ఈ సంగతి మా ఆవిడతో చెబితే, "మరి రోజంతా ఎవరి మీద అరుస్తారు?" అని అడిగింది. అందుకని ఈ డైరీ తీశాను. స్పేర్ పార్టుల కొట్టువాడు ప్రతి ఏడూ ఇస్తాడు, అట్ట మీద పిస్టన్ బొమ్మతో. ఎప్పుడూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. ఇది ఏ ఏటిదో మరి, తేదీలకీ వారాలకీ కలవడం లేదు. కలవకపోతే నాకేం.

గొయ్యి పూడ్పిస్తుందట. డాబా అడిగింది, ఇచ్చాను. దాని నిండా సోలార్ పలకలు పరిచింది, నేను నోరు మెదపలేదు. నా లారీ రిపేరు షెడ్డు ముందు భాగం అడిగింది. కరెంటు బండ్లు నిలబెట్టి ఛార్జింగ్ పెట్టుకుంటానంది, సరే అన్నాను. ఇప్పుడు గొయ్యి మీద కన్ను పడింది. లారీల కింద నిలబడి పని చేయడానికి నా చేతుల్తో తవ్వుకున్న గొయ్యి అది. అంచులకు సిమెంటు పూసిందీ నేనే. నా బతుకులో సగం అందులోనే గడిచింది.

"అది పూడిస్తే ఇంకో వ్యాను పడుతుంది నాన్నా. ఎలాగూ నీ దగ్గరికి లారీలు రావడం లేదు కదా" అంది. ఆ రెండో మాట అనకపోతే దాని సొమ్మేం పోయింది?

పూడ్చనివ్వను. అంతగా పూడ్చాలంటే నేను పోయాక నన్ను అందులో పెట్టి పూడ్చుకోమన్నాను. "అంత పెద్ద గొయ్యి మీ ఒక్కరికి దండగ" అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 5

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 6

మాట్లాడలేదు. అదీ మాట్లాడలేదు. మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, వాళ్ళమ్మ వైపు అయి ఉంటుంది.

ఫిబ్రవరి 9

కరెంటుతో నడిచే స్కూలు వ్యాన్లు నాలుగు ఇవాళ మొదటిసారి వచ్చాయి. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి ఇటు వస్తాయి. సాయంత్రం బడి వదిలేలోపు ఛార్జింగ్ నింపుకుని వెళ్ళాలి. ఇప్పుడు ఇంట్లో వార్తలన్నీ నాకు మా ఆవిడ నోటి నుంచే రావాలి కాబట్టి మిగతాది ఆవిడే చెప్పింది. పరీక్షలు అయ్యేదాకా స్కూలువాళ్ళు చూస్తారట. ఏ ఇబ్బందీ లేకపోతే వచ్చే ఏడాదంతా ఇక్కడికే పంపుతారట. ఇబ్బందయితే పెద్దరోడ్డు మీద కొత్తగా కట్టిన ఛార్జింగ్ స్టేషన్‌కి పోతారట. ఆ నాలుగూ పోతే మా అమ్మాయి దొరసానిగారు దుకాణం కట్టేసుకోవాల్సిందే. వచ్చే రెండు మూడు ఆటోలతో అది నడవదు. కరెంటు ఆఫీసువాళ్ళు పెద్ద లైను ఇప్పట్లో ఇవ్వలేమన్నారు, కాబట్టి అంతా ఆ డాబా మీది పలకల చేతిలోనే ఉంది.

నాకెందుకు ఇదంతా? ఊరికే రాసుకున్నాను.

ఆ వ్యాన్లు వచ్చినట్టే తెలియదు. ఉలుకూ పలుకూ లేకుండా వచ్చి వెనక నిలబడతాయి. బండన్నాక చప్పుడు చేయాలి. ఆ చప్పుడు వింటేనే దాని ఒంట్లో ఎలా ఉందో నాకు తెలిసేది. వీటిని చూసి నేనేం చెప్పాలి? చెప్పమని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 12

టార్పాలిన్ కోసం డాబా ఎక్కాను. టార్పాలిన్ కోసమే.

పలకలు చూస్తే అసలు రంగే కనిపించడం లేదు. ఎదురు దుకాణంలో పాలరాయి కోస్తారు, ఆ తెల్లదుమ్ము అంతా వచ్చి వాటి మీద కూర్చుంది. ఆదివారం ఆదివారం మెట్ల మీద నిలబడి పైపుతో నాలుగు చుక్కలు చల్లుతుంది, అదీ దొరసానిగారి శుభ్రం. నా షెడ్డులో పానా దగ్గర్నుంచి జాకీ దాకా ఏ సామాను మీదా మురికి ఉండనివ్వను. మనిషి మీద కోపం ఉంటే ఉండొచ్చు, సామాను ఏం చేసింది? కిందికి దిగి డీజిల్ డబ్బా, ఇన్ని బనియన్ గుడ్డలు తెచ్చి ఒక్కో పలకా తుడుచుకుంటూ వచ్చాను. ఇనుము కానీ అద్దం కానీ డీజిల్ గుడ్డ పడితేనే దారికొస్తుంది. పని అయ్యేసరికి ఒక్కో దాంట్లో మొహం చూసి గడ్డం గీసుకోవచ్చు.

ఎవరికీ చెప్పను. చెబితే మెత్తబడ్డాననుకుంటుంది.

ఫిబ్రవరి 13

మళ్ళీ దుమ్ము. మళ్ళీ తుడిచాను. ఇల్లు లేవకముందే వెళ్ళి వచ్చేశాను.

ఫిబ్రవరి 15

"మోకాళ్ళ నొప్పులని మంచం దిగని మనిషి తెల్లారేసరికి మెట్లెక్కుతున్నారేం?" అంది మా ఆవిడ. గాలి కోసమన్నాను. గాలికి డీజిల్ డబ్బా ఎందుకని అడగలేదు. చూడలేదు కాబోలు.

అమ్మాయి పైపుతో నీళ్ళు కొడుతుంటే కింద నుంచి చూశాను. నీళ్ళు పలకల మీద నిలవకుండా ముత్యాల్లా దొర్లిపోతున్నాయి. అంత నునుపు తెచ్చాను నేను. అది చూసి ఒక్క క్షణం ఆగింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

ఫిబ్రవరి 18

మూడో నంబరు వ్యాను ఎడమ వెనకచక్రం బేరింగ్ ఏడుస్తోంది. పైన ఇంజన్ అరుపు లేదేమో, ఆ ఏడుపు ఇంకా బాగా వినిపించింది. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. మన బండి కాదు, మనకెందుకులే అనుకున్నాను. టీ తాగేదాకా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత వెళ్ళి మీసాల డ్రైవరుకి చెప్పాను. లారీ నడిపే రోజుల నుంచి ఎరిగినవాడు, ఇప్పుడు ఆ వ్యాను తోలుతున్నాడు. "మీరు విన్నారంటే ఉన్నట్టే మేస్త్రీ గారూ, చూడండి" అన్నాడు.

గొయ్యి మీదికి ఎక్కించమన్నాను. ఎన్నాళ్ళకో దాంట్లోకి దిగి తలెత్తి చూస్తే, దానికీ బ్రేకులున్నాయి, స్ప్రింగులున్నాయి, ఇరుసుంది. ఒక్క ఇంజనే లేదు. బేరింగ్ మార్చి పంపాను. మా అమ్మాయి తీగలు చుడుతున్నట్టు నటిస్తూ అంతా చూసింది. నేను దానివైపు చూడలేదు.

ఫిబ్రవరి 24

ఛార్జింగ్ సరిగా ఎక్కడం లేదట. మధ్యాహ్నానికి నిండాల్సిన వ్యాను సాయంత్రానికి కూడా నిండడం లేదట. అమ్మాయి ఫోనులో ఏవో గీతలు చూసుకుంటూ కూర్చుంది. ఎండ మాడిపోతోంది, పలకలు మెరిసిపోతున్నాయి, మరి కరెంటు ఎక్కడ పోతోందో తెలియడం లేదని వాళ్ళమ్మతో అంటుంటే విన్నాను.

నేను మొదటి రోజే చెప్పాను. సూర్యుణ్ణి నమ్ముకుని చేసే వ్యాపారమేంటన్నాను. డీజిల్ అయితే పీపాలో ఉంటుంది, కర్ర ముంచితే ఎంతుందో తెలుస్తుంది. ఎండని ఏ కర్రతో కొలుస్తావని అడిగాను. అప్పుడు నవ్వింది.

ఇప్పుడు నవ్వడం లేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయింది. నేను చూడలేదు.

ఫిబ్రవరి 26

రెండు పూటలా తుడుస్తున్నాను. దాని కోసం కాదు. రేపు పొద్దున షెడ్డు వల్లే పాడయిందనే మాట నా మీదికి రాకూడదు కదా.

వేలు పెడితే జిగురుగా తగులుతోంది. తెల్లదుమ్ము తడి పిండిలా అంటుకుపోయింది. ఆ పాలరాయిలో ఏదో కలుస్తోంది. డీజిల్ ఇంకాస్త ఎక్కువ పోసి రుద్దాను.

మార్చి 1

పాలరాయివాడితో వీధిలో అందరూ చూస్తుండగా పోట్లాట పెట్టుకున్నాను. అతను మంచివాడే, నాకు తెలుసు, అయినా వదల్లేదు. నీ దుమ్ము నీ దుకాణంలో ఉంచుకో, నా కూతురి పొట్ట కొట్టకు అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, దానితో నేను మాట్లాడడం లేదని. అతనికి తెలియదు కాబట్టి ఫరవాలేదు. పాపం, సాయంత్రానికే ముందు పరదా కట్టించాడు. రాయి తడిపి కోస్తున్నాడు.

మార్చి 3

పరదా కట్టినా ఛార్జింగ్ ఎక్కడం లేదు.

మార్చి 4

మూడో నంబరు వ్యాను పిల్లలతో సహా నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయింది. మీసాల డ్రైవరు పిల్లల్ని దింపి చెట్టు నీడన నిలబెట్టి, వేరే వ్యాను వచ్చేదాకా వాళ్ళకి కథలు చెప్పాడట. ఎవరికీ ఏమీ కాలేదు. అదొక్కటే అదృష్టం.

స్కూలు మేనేజరమ్మ స్వయంగా వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. శనివారం నాడు నాలుగు వ్యాన్లూ మధ్యాహ్నానికల్లా నిండాలి, ఒక్కటి తగ్గినా అన్నీ పెద్దరోడ్డు స్టేషన్‌కే పంపుతానంది. గట్టిగా కూడా అనలేదు. ఆమె తప్పేం ఉంది, అవతల పసిపిల్లలు.

ఆ మాటలప్పుడు నేను గొయ్యిలో ఉన్నాను. పనేమీ లేదు, ఊరికే ఉన్నాను. లైటు కూడా వేసుకోలేదు. పైన మా అమ్మాయి చెప్పులు కనిపిస్తున్నాయి. మేనేజరమ్మ వెళ్ళిపోయాక కూడా ఆ చెప్పులు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. పైకి రాబోయాను. మళ్ళీ కిందికే దిగాను.

రేపు పలకల కంపెనీ ఇంజనీరు వస్తాడట. అతను వచ్చేసరికి తళతళలాడాలని ఇంకోసారి తుడిచి వచ్చాను.

మార్చి 5

ఇంజనీరు వచ్చాడు. డాబా మీదికి అతను, అమ్మాయి, మీసాల డ్రైవరు, వెనకాల నేను. నన్నెవరూ పిలవలేదు. నా డాబాకి నన్నొకరు పిలిచేదేంటి?

అతను తీగలు చూశాడు, పెట్టెలు విప్పి చూశాడు. అంతా బాగానే ఉందన్నాడు. నాకు లోపల్లోపల సంతోషమే, మన షెడ్డులో లోపం లేదని. తర్వాత ఒక పలక మీద వేలు పెట్టి గీశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జేబులోంచి తెల్లకాగితం తీసి పలకకి అద్ది చూపించాడు. కాగితం మీద బూడిదరంగు నూనె మరక.

"దీన్ని డీజిల్‌తో తుడుస్తున్నదెవరు?" అని అడిగాడు.

అద్దం మీద నూనె పొర పట్టిందట, ఆ పొర మీద దుమ్ము అతుక్కుని గట్టిపడిందట. ఎంత తుడిస్తే అంత దిట్టంగా పడుతుందట. పైకి మెరుస్తుంది, లోపలికి ఎండ దిగదు. ఇలా తుడిచినందుకు కంపెనీ గ్యారంటీ కూడా చెల్లదట. అతను చెబుతూనే ఉన్నాడు. ఆ నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోవడం గుర్తొచ్చింది. రెండు పూటలా తుడిచాను కదా, అదీ గుర్తొచ్చింది.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అంది, "నేనేనండీ. తెలియక తుడిచాను."

అది నావైపు చూడలేదు. మీసాల డ్రైవరు మాత్రం నావైపు చూసి, వెంటనే మొహం తిప్పుకుని వీధిలోకి చూశాడు. వాడికి తెలిసిపోయింది. డీజిల్ గుడ్డ ఎవరిదో వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సబ్బునీళ్ళతో, మెత్తటి స్పాంజితో, ఎండెక్కకముందు చల్లటి వేళ కడగమని చెప్పి ఇంజనీరు దిగి వెళ్ళిపోయాడు. నేను కదల్లేదు. దాని దగ్గరికి వెళ్ళి ఎందుకలా చెప్పావని అడుగుదామనుకున్నాను. అడగకుండానే మెట్లు దిగాను.

రాత్రయింది, మళ్ళీ డైరీ తీశాను. నాకు సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది. నా తప్పు నేను మోయలేననుకుందా? అంత ముసలివాణ్ణయిపోయానా? వాళ్ళమ్మతో అది వంటింట్లో అన్న మాట విన్నాను. "నిజం చెబితే మీసాల బాబాయి ముందు నాన్న తలెత్తుకోగలడా అమ్మా" అంది. ఈ షెడ్డులో పుట్టి పెరిగింది కాబట్టి డీజిల్ వాసన దానికి వాసనలా అనిపించదట, అందుకే ముందే పసిగట్టలేకపోయానని అది ఏడుస్తోంది. అంటే తప్పు దాని ముక్కుదట.

మార్చి 6

తెల్లవారకముందే పైకి వెళ్ళాను. అప్పటికే అక్కడుంది, బకెట్లో సబ్బు కలుపుతోంది. నా చేతికి ఒక స్పాంజి ఇచ్చింది. ఇద్దరం చెరో వరసా అందుకున్నాం. మాట్లాడుకోలేదు. జిడ్డు ఒక పట్టాన వదల్లేదు, అంత బాగా రుద్దాను నేను. రెండు సార్లు కడిగి మంచినీళ్ళు పోస్తే, ఈసారి నీళ్ళు దొర్లిపోకుండా పరుచుకుని జారాయి. అది చూసి మా అమ్మాయి అరచేత్తో నుదురు తుడుచుకుంది. నుదుటికి నల్లగా మరక అంటుకుంది. చెబుదామనుకుని ఊరుకున్నాను.

మార్చి 7

శనివారం. ఇవాళ్టిది తప్పకుండా రాయాలి.

వ్యాన్లు నాలుగూ వచ్చి తీగలు తగిలించుకున్నాయి. ఎండ బాగా కాసింది. మేనేజరమ్మ వచ్చేసరికి ఫోనులో గీతలు పైకి ఎక్కుతున్నాయని మా ఆవిడ పరుగెత్తుకొచ్చి గొయ్యిలో నిలబడి ఉన్న నాకు చెప్పింది. మేనేజరమ్మ మాత్రం ఫోను చూడలేదు. ఇంజనీరుతో మాట్లాడానంది. ఈ అమ్మాయే డీజిల్‌తో తుడిచి పాడు చేసిందట కదా అంది. ఇవాళ నిండితే నిండొచ్చు, కానీ పని తెలియనివాళ్ళ చేతిలో పిల్లల బండ్లు పెట్టలేమంది. అమ్మాయి తల దించుకుని నిలబడింది. డ్రైవర్లు నలుగురూ వింటున్నారు. పాలరాయివాడు కూడా పరదా పక్కకి లాగి వింటున్నాడు.

అది నా పిల్ల. తలదించుకుని నిలబడడం దానికి నేను నేర్పలేదు.

గొయ్యిలోంచి పైకొచ్చాను. చేతిలో గుడ్డ కూడా ఉంది, అదే గుడ్డ.

"తుడిచింది నేను" అన్నాను. "రోజుకి రెండు సార్లు తుడిచాను. ఏం? మా అమ్మాయి కాదు, నేను. పని తెలియనివాణ్ణి నేను. ఈ పిల్లకి పని తెలుసు. నన్ను కాపాడ్డానికి మీతో అబద్ధమాడింది. శిక్ష వేయాలంటే నాకు వేయండి, దాన్ని ఒక్క మాట అంటే ఊరుకోను."

మేనేజరమ్మ మీద అంత గట్టిగా అరవాల్సింది కాదు. అరిచాను. పాలరాయివాడి మొహం వైపు నేను చూడలేదు, అతనికి క్షమాపణ రేపు విడిగా చెప్పుకోవాలి. మీసాల డ్రైవరు అప్పుడు ముందుకొచ్చాడు. మూడో నంబరు బేరింగ్ పోతే కనిపెట్టి బాగు చేసింది ఈయనేనండీ, అది దారిలో విరిగి ఉంటే ఏమయ్యేదో అన్నాడు. మేనేజరమ్మ నన్ను, గొయ్యిని, నా చేతిలో గుడ్డని చూసింది. "ఆ గుడ్డ మళ్ళీ డాబా ఎక్కకూడదు" అంది. ఎక్కదన్నాను.

మధ్యాహ్నానికి నాలుగూ నిండాయి. పరీక్షలు అయ్యేదాకా చూస్తామని మళ్ళీ అదే మాట చెప్పి వెళ్ళింది. ఇంకా ఏదీ తేలలేదు. కానీ వెళ్ళేముందు కుర్చీలో కూర్చుని టీ తాగింది.

వ్యాన్లు వెళ్ళిపోయాక అమ్మాయి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, మడిచి, పానాల పెట్టెలో పెట్టింది.

మార్చి 9

డాబా మీద కొత్త బకెట్, కొత్త స్పాంజి. పక్కనే పిట్టగోడ మీద సుద్దముక్కతో దాని రాత. "మేస్త్రీ గారికి మనవి. నీళ్ళు మాత్రమే."

వెటకారం. నేను ఊరుకుంటానా? దాని కిందనే రాశాను. "దొరసానిగారికి మనవి. గొయ్యి పూడ్చనివ్వను."

మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఇంకో రెండు వాక్యాలున్నాయి. "ఎవరు పూడుస్తారట? రెండో నంబరుకి బ్రేకులు చూడాలి, తొందరగా దిగు నాన్నా."

దిగాను.

మార్చి 10

పొద్దుట్నుంచి అమ్మాయి మీద అరుస్తూనే ఉన్నాను. గొయ్యి అంచుకి అడ్డంగా తీగలు పరిచింది, ఎవరైనా కాలు తట్టుకుని పడితే? తీగలు ఎక్కడ పరచాలో నాకు తెలుసని అదీ అరిచింది. చప్పుడు లేని బండి బండే కాదన్నాను. అయితే పక్కన కూర్చుని నువ్వే చప్పుడు చెయ్యి అంది. మా ఆవిడ రెండు చెవులూ మూసుకుని టీ పెట్టడానికి వెళ్ళింది.

ఇంకా చాలా చెప్పాలి దానికి. ఇక్కడ కూర్చుని రాసే తీరిక లేదు.